గురువారం టర్కీ, శుక్రవారం తెల్లారగట్ల లైను: లెక్కంతా ఆదివారమే

దీపావళికి చాలా ఆఫీసుల్లో సెలవుండదు, సంక్రాంతికి అసలే ఉండదు. అందుకని అమెరికాలో ఉన్న మనవాళ్ళు చుట్టాలనీ స్నేహితులనీ పిలుచుకుని ఒకే ఇంట్లో చేరేది ఎక్కువగా థాంక్స్‌గివింగ్ నాలుగు రోజుల్లోనే. పండగ నవంబరు నాలుగో గురువారం, అంటే 22కీ 28కీ మధ్య ఎప్పుడైనా పడొచ్చు. 2026లో 26న వస్తోంది. గురువారం పదీ పన్నెండుమందికి భోజనాలు, బ్లాక్ ఫ్రైడే అని పిలిచే మర్నాటి తగ్గింపు అమ్మకాలకి శుక్రవారం తెల్లారకముందే షాపు ముందు లైను. ఈ రెండింటినీ వేర్వేరు పనులనుకునేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు. టర్కీ, అంటే ఆ పండగకి వండే కోడిలాంటి పెద్ద పక్షి, ఉడకడం ఆలస్యమైతే భోజనాలు రాత్రి 8 అవుతాయి, అంట్లు తోమేసరికి 11 దాటుతుంది, ఇక 4 గంటలకు లేచేదెవరు? అందుకే లెక్క శుక్రవారం పొద్దున్నుంచి వెనక్కి వేసుకోవాలి. వేస్తే అది ఆదివారం దగ్గర తేలుతుంది.

పండగకీ దుకాణానికీ ముడి ఇవాళ్టిది కాదు. 1863లో అధ్యక్షుడు లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని దేశమంతా జరుపుకోమని ప్రకటించాడు. 1939 నవంబరులో అయిదు గురువారాలొచ్చాయి, ఆఖరిది 30న. క్రిస్మస్ అమ్మకాలకు రోజులు చాలవని వర్తకులు మొరపెట్టుకుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండగను వారం ముందుకు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, కొన్ని ససేమిరా అన్నాయి, టెక్సస్ రెండు గురువారాలూ చేసుకుంది. ఆ గందరగోళం తీర్చడానికే 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. షాపింగు వచ్చి పండగని పాడుచేసిందని వాపోయేవాళ్ళు ముందు ఈ తేదీతోనే తగువు పెట్టుకోవాలి.

ముందు టర్కీ సంగతి

మామూలు లెక్క ప్రకారం మనిషికి పౌను నుంచి పౌనున్నర టర్కీ కావాలంటారు. ఎముకలతో కలిపిన బరువది. మన ఇళ్ళల్లో పక్కన బిర్యానీ, పులిహోర, గుత్తివంకాయ ఉంటాయి, వచ్చినవాళ్ళలో ముగ్గురో నలుగురో శాకాహారులు, మిగతావాళ్ళు రెండు ముక్కలు రుచి చూసి బిర్యానీ వైపు తిరుగుతారు. కాబట్టి పన్నెండుమందికి 12 పౌన్ల టర్కీ బాగా సరిపోతుంది, ఇంకా మిగులుతుంది కూడా. ఫొటోలో బాగుంటుందని 20 పౌన్లది తెచ్చుకోవద్దు. అది కరగడానికే అయిదు రోజులు పడుతుంది, మామూలు ఫ్రిజ్ అరలో పట్టదు, తొడ లోపల ఉడికేసరికి రొమ్ము మాంసం పీచుపీచుగా ఎండిపోతుంది. మంది ఎక్కువైతే రెండు చిన్నవి నయం.

కొనేటప్పుడు చీటీ మీద చిన్న అక్షరాలు చదవాలి. ఫలానా శాతం ద్రావణం కలిపామని రాసి ఉంటే, దానికి ఫ్యాక్టరీలోనే ఉప్పునీళ్ళు ఎక్కించారన్నమాట. అలాంటిదానికి మనం మళ్ళీ నిండా ఉప్పు పట్టిస్తే నోట పెట్టలేం.

గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి 4, 5 పౌన్లకూ ఒక రోజు కావాలి. 12 పౌన్లకి మూడు రోజులు. మసాలా పట్టించి ఒక రాత్రి ఉంచాలి కాబట్టి బుధవారం సాయంత్రానికి పూర్తిగా కరిగి ఉండాలి. అంటే ఆదివారం పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి కింద ఫ్రిజ్‌లోకి మారాలి. శనివారమే ఫ్రిజ్‌లో అడుగు అర ఖాళీ చేయండి. దోసెల పిండి, పచ్చడి సీసాలు పై అరల్లోకి. టర్కీ కింద అంచులున్న పళ్ళెం పెట్టకపోతే కారిన నీళ్ళు కూరగాయల మీద పడతాయి.

ఆదివారం మర్చిపోతే చన్నీళ్ళ దారి ఒకటుంది. కవరు చిల్లు లేకుండా చూసుకుని, టబ్బులో మునిగేదాకా చన్నీళ్ళు పోసి, ప్రతి అరగంటకీ నీళ్ళు మార్చాలి. పౌనుకి అరగంట చొప్పున 12 పౌన్లకి ఆరు గంటలు. ఇలా కరిగించినదాన్ని వెంటనే వండేయాలి, మసాలాలో రాత్రంతా ఉంచడానికి పనికిరాదు. వేణ్ణీళ్ళల్లో వేయడం, గట్టు మీద వదిలేయడం మాత్రం వద్దు. లోపల ఇంకా మంచుగడ్డే, పైన మాత్రం సూక్ష్మజీవులు పెరిగే వెచ్చదనం వచ్చేసి ఉంటుంది.

కోడిని పసుపూ ఉప్పూ వేసి నాలుగు నీళ్ళు కడగందే మన చేతులు ఊరుకోవు. ఇక్కడ ఆ అలవాటు పక్కన పెట్టాల్సిందే. ఇంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీళ్ళు గట్టు మీదా, పక్కన తరిగిపెట్టిన కొత్తిమీర మీదా చిందుతాయి. అమెరికా వ్యవసాయ శాఖ కూడా కడగొద్దనే చెబుతుంది. కాగితపు తువ్వాలుతో లోపలా బయటా శుభ్రంగా తుడిస్తే చాలు. తడి పోతేనే చర్మం కరకరలాడుతుంది కూడా.

బుధవారం సాయంత్రం మసాలా పట్టించే ముందు లోపల చెయ్యి పెట్టి వెతకండి. పొట్టలో మెడ ముక్క, మెడ దగ్గరి సందులో చిన్న సంచిలో కార్జం, కందనకాయ, గుండె ఉంటాయి. ఒక్కోసారి రెండూ ఒకేచోట ఉంటాయి. సంచి కాగితందైతే మర్చిపోయినా పెద్ద ప్రమాదం లేదు. ప్లాస్టిక్‌దైతే కరిగి పక్షి మొత్తం పారేయాల్సి రావచ్చు. ఆ కందనకాయ, కార్జం చిన్న ముక్కలు చేసి మిరియాల వేపుడు పెడితే బుధవారం రాత్రికి పెద్దవాళ్ళకి అదే విందు.

మసాలా 12 పౌన్లకి: నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు 2 కప్పులు, అల్లం వెల్లుల్లి ముద్ద 6 టేబుల్ స్పూన్లు, కారం 3, ధనియాల పొడి 3, గరం మసాలా ఒకటిన్నర, పసుపు ఒక టీస్పూను, మూడు నిమ్మకాయల రసం, పావు కప్పు నూనె, మెత్తటి ఉప్పు ఒకటిన్నర టేబుల్ స్పూన్లు. ఉప్పునీళ్ళు ఎక్కించిన పక్షైతే ఉప్పు సగం కంటే తక్కువ చాలు. ఇక అసలు కిటుకు చర్మం దగ్గరుంది. టర్కీ చర్మం మందం, కింద కొవ్వు. పైన ఎంత పూసినా మసాలా లోపలికి దిగదు, కోసినప్పుడు లోపల మాంసం తెల్లగా చప్పగా ఉంటుంది. మెడ వైపు నుంచి వేళ్ళు మెల్లగా దూర్చి చర్మాన్ని రొమ్ము మీద నుంచి విడదీయాలి. గోళ్ళు తగిలితే చిరుగుతుంది, ఉంగరాలు తీసేయాలి. మసాలాలో మూడొంతులు ఆ చర్మం కింద, తొడల దగ్గరా పట్టించి, పైపూతకి పలచగా ఉంచుకోవాలి. పైన మందంగా పెరుగు పూస్తే గంటన్నరలో నల్లబడుతుంది. తర్వాత మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ అంతా అల్లం వాసన వస్తుంది, పాలడబ్బా మూత మాత్రం గట్టిగా బిగించండి.

గురువారం భోజనం 3 గంటలకి పెట్టుకోవడం అన్నివిధాలా మంచిది. రాత్రి 9కి పడుకోవాలంటే అదే కుదురుతుంది. 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 12 నుంచి 14 పౌన్ల టర్కీకి, లోపల ఏమీ కూరకపోతే, 3 నుంచి మూడుముప్పావు గంటలు పడుతుంది. బయటికి తీశాక అరగంట కదపకుండా ఉంచాలి, లేకపోతే రసమంతా పీట మీదికి కారిపోతుంది. కోయడానికి ఇంకో పావుగంట. అంటే 2:15కి ఓవెన్‌లోంచి బయటికి, 10:15కల్లా లోపలికి. ముందే ఉడికితే అల్యూమినియం రేకు కప్పి ఉంచొచ్చు, ఆలస్యమైతే మాత్రం చేసేదేం లేదు.

ఓవెన్‌లో కింది అరలో పెట్టి, పళ్ళెంలో రెండు కప్పుల నీళ్ళు, నాలుగు ఉల్లిపాయలు వేస్తే కారిన కొవ్వు మాడి పొగ రాదు. రొమ్ము బంగారు రంగుకి రాగానే అక్కడ మాత్రం రేకు వదులుగా కప్పాలి. మాటిమాటికీ తలుపు తీసి రసం పోయక్కర్లేదు, తీసిన ప్రతిసారీ వేడి పడిపోయి సమయం పెరుగుతుంది. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం, మన మసాలాతో అసలే చెప్పలేం. 15 డాలర్ల థర్మామీటరు ఈ ఇంటికి తప్పనిసరి. తొడ లోపలి వైపు, రొమ్ములో మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చితే రెండు చోట్లా 165 డిగ్రీలు చూపించాలి. ఎముకకి తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. ఉడికితే పైకి లేస్తుందని పక్షికే గుచ్చి ఇచ్చే ప్లాస్టిక్ గుండీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నాలుగు గంటలపాటు ఓవెన్ టర్కీదే. ‘గుమ్మడికాయ పై’ అనే తీపి వంటకం, క్యాసరోల్ లాంటి ఓవెన్ వంటలు బుధవారమే కాల్చేసుకోవాలి. బిర్యానీ పొయ్యి మీద. ఎగ్జాస్ట్ ముందునుంచే నడవాలి. టర్కీ కొవ్వు పొగకి ఎండుమిర్చి పోపు కూడా తోడైతే అపార్టుమెంట్‌లో అలారం మోగి, చీరలు కట్టుకున్నవాళ్ళంతా చలిలో పార్కింగులో నిలబడాలి. అమెరికాలో వంటింటి అగ్నిప్రమాదాలు ఏడాదంతటిలో ఎక్కువగా జరిగేది ఈ రోజే. నిండు నూనెలో టర్కీ వేయించాలని సరదా పడేవాళ్ళు ఆ పని ఇంటికి దూరంగా ఆరుబయటే చేయాలి, లోపల చుక్క మంచు కూడా లేకుండా చూసుకోవాలి. మంచు నూనెలో పడగానే ఆవిరై నూనెని ఎగజిమ్ముతుంది, అది మంట మీద పడుతుంది.

కావలసినవన్నీ మంగళవారంలోపే తెచ్చుకోండి. గురువారం వాల్‌మార్ట్, టార్గెట్, కాస్ట్‌కో మూసే ఉంటాయి. కొన్ని కిరాణాలు మధ్యాహ్నం దాకా తీస్తాయి. ఇండియన్ స్టోరు తీసి ఉన్నా బుధవారం సాయంత్రానికే కరివేపాకు అయిపోతుంది.

టర్కీ కంటే మన నాలుకకి దగ్గరైంది క్రాన్‌బెర్రీ అనే పుల్లటి చిన్న ఎర్రపండు. పచ్చివి అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే దొరుకుతాయి, 12 ఔన్సుల సంచుల్లో. అమెరికన్లు చక్కెర వేసి సాస్ చేసుకుంటారు. మనవాళ్ళు పచ్చడి, పప్పు, పులిహోర మూడూ చేస్తారు. పచ్చడికి ఒక సంచి కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టాలి. మూకుట్లో మూడోవంతు కప్పు నూనె వేడిచేసి ఆవాలు, ఆరు ఎండుమిర్చి, అర టీస్పూను ఇంగువ వేసి, వేగాక పళ్ళు వేసి వెంటనే మూత పెట్టేయాలి. అవి టప్ టప్‌మని పేలి నూనె చిమ్ముతాయి. ఆరేడు నిమిషాలు మగ్గాక మూడోవంతు పళ్ళు ఇంకా గుండ్రంగా ఉండగానే దించేయాలి. ఈ పళ్ళల్లో పెక్టిన్ ఎక్కువ, చల్లారేకొద్దీ జామ్‌లా బిగుసుకుంటుంది. పొయ్యి మీదే గట్టిపడేదాకా ఉంచితే మర్నాడు చెంచా దిగదు. గోరువెచ్చగా అయ్యాక రెండు టేబుల్ స్పూన్ల కారం, ఒకటి ఉప్పు, పావు టీస్పూను మెంతిపొడి. మెంతిపొడి ఆవకాయ కొలతలో వేయొద్దు, పండుకే కొంచెం చేదుంది. పులుపు మరీ కొడితే నిమ్మకాయంత బెల్లం. ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలవ ఉంటుంది. నాలుగైదు సంచులు అలాగే ఫ్రీజర్‌లో పడేస్తే ఏడాదంతా చింతకాయ లేని లోటు తీరుతుంది.

భోజనాలయ్యాక రెండు గంటల్లోపే మిగిలిన మాంసం ఎముకల నుంచి వలిచి, లోతు తక్కువున్న డబ్బాల్లో ఫ్రిజ్‌లోకి. మూడు, నాలుగు రోజుల్లో వాడేయాలి. ఎముకలు ఆ సాయంత్రమే పెద్ద గిన్నెలో వేసి మిరియాలు, వెల్లుల్లితో సన్నసెగ మీద మరిగిస్తే, శుక్రవారం షాపుల నుంచి నీరసంగా తిరిగొచ్చేసరికి వేడివేడి చారు తయారు.

ఇక శుక్రవారం

2010ల్లో పెద్ద షాపులు గురువారం సాయంత్రమే తలుపులు తీసేవి. పళ్ళెంలో ముద్ద ఉండగానే లేచి పరిగెత్తిన రోజులవి. 2020లో కోవిడ్ వల్ల గురువారం మూసేశారు, వాల్‌మార్ట్, టార్గెట్ ఆ తర్వాత కూడా అదే పద్ధతి కొనసాగించాయి. మసాచుసెట్స్, మెయిన్, రోడ్ ఐలాండ్‌లలోనైతే పెద్ద షాపులు ఆ రోజు తీయకూడదని చట్టమే ఉంది. ఇప్పుడు చాలా చోట్ల శుక్రవారం ఉదయం 5 లేదా 6కి తీస్తారు. ఊరినిబట్టి మారుతుంది, మీ దగ్గరి షాపు వేళ బుధవారం చూసుకోండి.

ముందొక మాట. ఆన్‌లైన్‌లో అదే ధరకి అదే వస్తువుంటే చలిలో లైన్లో నిలబడటం సరదాకే. సరదా తప్పేం కాదు, కొంతమంది కాఫీ ఫ్లాస్కుతో వెళ్ళేది అందుకే. నిజంగా లైనుకి విలువున్నది ప్రకటనలో షాపులో మాత్రమే అని రాసినవాటికి. పక్కనే చిన్న అక్షరాల్లో షాపుకి కనీసం ఎన్ని ఉంటాయో ఉంటుంది. షాపుకి కనీసం 5 అని ఉంటే ఆరోవాడిగా నిలబడటం దండగ. సరుకు అయిపోతే తర్వాత అదే ధరకిస్తామనే చీటీ కూడా ఇవ్వరు, ఆ మాటా అక్కడే రాసి ఉంటుంది.

సగం ధర అనేదాంట్లో సగం దేనికో చూడాలి. కొట్టేసిన పాత ధర చాలాసార్లు ఆ వస్తువు ఎవరికీ అమ్మని ధర. అక్టోబరులో దాని ధర ఎంతో రాసిపెట్టుకోవడమే మందు. అమెజాన్‌లోవాటికి కేమెల్‌కేమెల్‌కేమెల్ లాంటి సైట్లు పాత ధరల గ్రాఫు చూపిస్తాయి. అక్టోబరు ధర మీద ఎంత తగ్గిందన్నదే అసలు తగ్గింపు.

టీవీల్లో ఇంకో తిరకాసుంది. పేరున్న కంపెనీలే ఈ అమ్మకాల కోసం ప్రత్యేకంగా మోడళ్ళు తయారు చేయిస్తాయి. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు, మోడల్ నంబరులో ఒక అక్షరం మారుతుంది. లోపల హెచ్‌డీఎంఐ రంధ్రాలు (వేరే పరికరాల తీగలు గుచ్చేవి) నాలుగుకి బదులు రెండో మూడో, తెర సెకనుకి 120 సార్లు (120 హెర్ట్జ్) మారడానికి బదులు 60, వెలుతురు తక్కువ. పూర్తి మోడల్ నంబరు కంపెనీ సైటులో వెతకండి. మిగతా ఏడాదిలో ఎక్కడా సమీక్ష లేని మోడలైతే ఇందుకోసమే పుట్టిందని అనుమానించొచ్చు. పడగ్గదికో, పిల్లల కార్టూన్లకో అయితే ఫరవాలేదు. హాల్లో క్రికెట్ చూడ్డానికి బంతి వెనకాల తోక కనబడుతుంది. చవక లాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉన్నవి ఎంత తగ్గించినా కొనొద్దు. విండోస్ అప్‌డేట్‌లకే ఆ చోటు నిండిపోతుంది, తర్వాత ర్యామ్ మార్చడానికీ వీలుండదు, బోర్డుకే అతికించి ఉంటుంది.

కొన్ని షాపులు ముఖ్యమైన వస్తువులకి తలుపులు తీయకముందే లైన్లో ఉన్నవాళ్ళకి టిక్కెట్లు పంచుతాయి. మనిషికి ఒక వస్తువుకి ఒకటే. టిక్కెట్టు చేతికొస్తే ఇక పరిగెత్తక్కర్లేదు, ఇచ్చిన గడువులోపు వెళ్ళి తీసుకుంటే చాలు. అందుకే అసలు చేరాల్సింది తలుపులు తీసేవేళకి కాదు, టిక్కెట్లు ఇచ్చేవేళకి. ఆ వేళ ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. టిక్కెట్లు లేని షాపులో ఇద్దరు వెళ్ళడం మేలు. ఒకరు వస్తువు కోసం, ఇంకొకరు నేరుగా బిల్లు లైన్లోకి. షాపులోని తోపుడుబండి తీసుకున్నవాళ్ళు మొదటి మలుపులోనే ఇరుక్కుంటారు. బుధవారం ఒకసారి వెళ్ళి సరుకు ఎక్కడ పేరుస్తున్నారో చూసి రండి. టీవీలు టీవీల దగ్గరే ఉంటాయని లేదు, తోట సామాన్ల పక్కన కూడా పేరుస్తారు.

చిన్నపిల్లలని తీసుకెళ్ళొద్దు. 2008లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో తలుపులు తెరుచుకోగానే దూసుకొచ్చిన గుంపు కాళ్ళకింద పడి షాపు ఉద్యోగి చనిపోయాడు. ఆ తర్వాతే కార్మిక భద్రత శాఖ గుంపులని ఎలా అదుపు చేయాలో షాపులకి సూచనలిచ్చింది. ఇప్పుడు అడ్డుకర్రలు కట్టి వరసలో పంపుతున్నారు, అంత రద్దీ కూడా లేదు. అయినా తోపులాట మొదలైతే పక్కకి తప్పుకోండి.

చలికి ఒక్క లావు కోటు కంటే పలచటివి మూడు వేసుకోవడం నయం, లోపలికెళ్ళగానే చెమట పడుతుంది. చేతుల్లో పెట్టుకునే వేడి పొట్లాలు డాలరున్నరకి దొరుకుతాయి, గంటలకొద్దీ పనిచేస్తాయి. చెప్పులేసుకెళ్ళి కాళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు ప్రతి లైన్లోనూ కనబడతారు.

కారు కొలత ఇంట్లోనే తీసుకోండి. 65 అంగుళాల టీవీ పెట్టె పొడవు అయిదడుగులు దాటుతుంది. మామూలు సెడాన్ వెనక సీట్లో నిలబడదు, పడుకోబెడితే తెరకి పగులొచ్చే ప్రమాదం. అలాంటప్పుడు మినీవ్యాన్ ఉన్న స్నేహితుడిని ముందే అడగాలి, లేదా ఇంటికి పంపించే ఏర్పాటు చూసుకోవాలి. ఒక షాపులో కొన్నది కారు సీట్లో కనబడేలా వదిలి ఇంకో షాపులోకి వెళ్ళొద్దు, అద్దాలు పగలగొట్టే దొంగలకీ అది పెద్ద పండగే.

బిల్లు కట్టేచోట షాపు కార్డు తీసుకుంటే పన్నెండు నెలలు వడ్డీ లేదంటారు. ఇది చాలాసార్లు వాయిదా వేసిన వడ్డీ. గడువులోపు మొత్తం తీరిస్తే సరే. ఆఖరికి పది డాలర్లు బాకీ ఉన్నా, మొదటిరోజు నుంచి మొత్తం మీద వడ్డీ లెక్కకట్టి ఒకేసారి వేస్తారు. కొత్తగా వచ్చి అప్పు సరిగ్గా తీరుస్తారన్న పేరు (క్రెడిట్) కట్టుకుంటున్నవాళ్ళకి ఆ రోజు వచ్చే పదిశాతం తగ్గింపు కోసం ఇది తగదు.

అమ్మకపు పన్ను కూడా లెక్కలోకి తీసుకోండి. డెలావేర్, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్, మోంటానాల్లో రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కలవాళ్ళు పెద్ద ఎలక్ట్రానిక్స్ కొనడానికి డెలావేర్ వెళ్ళొచ్చేది ఇందుకే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మామూలు బట్టల మీద పన్నే లేదు, కాబట్టి బట్టల కోసం అంతదూరం పెట్రోలు పోసుకోనక్కర్లేదు.

కొన్ని వస్తువులు ఆ శుక్రవారం వదిలేయడమే మంచిది. చలికోట్లు జనవరిలో ఇంకా దిగుతాయి. దుప్పట్లు, తువ్వాళ్ళకి జనవరి అమ్మకాలు 1878 నుంచీ ఆనవాయితీ, ఫిలడెల్ఫియాలో జాన్ వానామేకర్ మొదలుపెట్టినవి.

ఇండియా ప్రయాణం ఉంటే

డిసెంబరులో ఇంటికెళ్ళేవాళ్ళ జాబితా వేరు. పొయ్యి సామాన్లు, మిక్సీలు, ఎలక్ట్రిక్ కుక్కర్లు అమెరికాలో 120 వోల్టులకి చేసినవి. మన 230 వోల్టుల్లో పెడితే ఒక్క క్షణంలో కాలిపోతాయి, 1000 వాట్లకి సరిపోయే ట్రాన్స్‌ఫార్మరు కుక్కర్ కంటే బరువు. ఛార్జరు మీద 100-240 అని ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. టీవీ మోసుకెళ్ళే ఆలోచన మానుకోండి, 2013 ఆగస్టు నుంచి ఫ్లాట్ టీవీలకి కస్టమ్స్ మినహాయింపు తీసేశారు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకి మనిషికి ఒక లాప్‌టాప్ మాత్రం సుంకం లేకుండా వదులుతారు.

నాన్నగారికి ఐఫోన్ కొనేముందు ఒకటి గుర్తుంచుకోండి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా ఫోన్లలో సిమ్ పెట్టే అరే లేదు, ఫోన్లోనే ఇమిడి ఉండే ఎలక్ట్రానిక్ సిమ్ (ఈసిమ్) ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీ (వొడాఫోన్ ఐడియా) ఈసిమ్ ఇస్తాయి. ఊళ్ళో ఆయన వాడే బీఎస్ఎన్ఎల్ నంబరైతే ముందే కనుక్కోవాలి. అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ ఒప్పందంతో చవగ్గా ఇచ్చే ఫోను ఆ నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉంటుంది, ఇండియాలో ఏ సిమ్మూ పట్టదు. అన్‌లాక్ చేసిందే కొనాలి. పవర్‌బ్యాంకులు చేతి సంచిలోనే, లోషన్లు పెద్ద పెట్టెలోనే.

పండగ కొనుగోళ్ళని వెనక్కి ఇచ్చే గడువు చాలా షాపులు జనవరి మధ్య దాకా పొడిగిస్తాయి, కానీ ఆ సమయానికి మీరు విజయవాడలో ఉంటారు. కాబట్టి కొన్న వారంలోనే ప్రతి వస్తువూ పెట్టె విప్పి, ఛార్జి పెట్టి, ఒక రోజంతా వాడి చూడండి. రసీదులు ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి. రిబేటు (కొన్నాక కంపెనీ తిరిగి పంపే డబ్బు) కోసం అట్టపెట్టె మీది బార్‌కోడ్ ముక్క పంపమంటే, వస్తువు సరిగ్గా పనిచేస్తోందని తేలేదాకా కత్తెర తీయొద్దు. ఆ ముక్క కోశాక షాపువాడు వెనక్కి తీసుకోడు.